శశిరేఖ భారతంలో లేదంట, ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: నమస్తే అండీ. మాది తెనాలి దగ్గర ఒక ఊరు, ఉద్యోగం వల్ల బెంగళూరులో ఉంటున్నా. రామాయణం భారతం అంటే నాకు తెలిసిందంతా చిన్నప్పుడు అమ్మమ్మ చెప్పినదే. ఈమధ్య ఫోన్ తెరిస్తే చాలు, లక్ష్మణరేఖ వాల్మీకిలో లేదు, శశిరేఖ అసలు భారతంలోనే లేదు, మీకు చెప్పినవన్నీ అబద్ధాలు అని రీల్స్. చూసి ఒకరకంగా మోసపోయిన ఫీలింగ్ వచ్చింది. సంక్రాంతికి వెళ్ళినప్పుడు భోజనాల దగ్గర ఇదే మాట అంటే మా మావయ్య కోప్పడి చెయ్యి కడిగేసుకున్నారు. సరే అసలు సంగతి తెలుసుకుందాం అని లావు లావు పుస్తకాలు కొన్నా, ఏదీ యాభై పేజీలు దాటలేదు. ఒకటి చదువుతుంటే మనసు ఇంకోదాని మీదకి పోతుంది, గూగుల్‌లో వెతుక్కుంటూ అర్ధరాత్రికి ఎక్కడో తేలతా. ఫ్రెండ్ ఒకడు ముందు సంస్కృతం నేర్చుకో, అది రాకుండా ఇదంతా దండగ అంటాడు. ఎక్కడ మొదలుపెట్టాలి, ఏది నమ్మాలి, మా ఏడేళ్ళ పాపకి ఏ కథ చెప్పాలి? – ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: ముందు ఒక మాట ఒప్పేసుకుందాం, ఆ రీల్స్ వాళ్ళు చెప్పినదాంట్లో మొదటి సగం నిజమే. లక్ష్మణరేఖ వాల్మీకి అరణ్యకాండలో లేదు, బలరాముడికి శశిరేఖ అనే కూతురు ఉన్నట్టు వ్యాసభారతంలో లేదు. కానీ "లేదు, కాబట్టి అబద్ధం" అంటున్నారు చూశారా, ఆ "కాబట్టి" వాళ్ళు సొంతంగా కలుపుకున్న ముక్క, అది కూడా ఏ పాత గ్రంథంలోనూ లేదు.

పుస్తకాలు పూర్తికావట్లేదని బాధపడుతున్నారు కదా, మీ ఉత్తరం చదివితే నాకేమో మీ సమస్య పుస్తకాలు కాదనిపిస్తోంది. మీకు ఇష్టమైంది కథ, మీరు కొన్నది గ్రంథం. గ్రంథాన్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవాలని ఎవరో పెట్టిన రూలు నెత్తిన పెట్టుకుని కూర్చున్నారు. అది పక్కన పెట్టేసి ఒక్క కథ తీసుకోండి, ఒక్కటే, మీకు బాగా తెలిసినది, దాని వెంట పడండి, అది ఎక్కడ ఉంది, ఎక్కడ లేదు, ఎక్కడికెళ్తే ఎలా మారింది అని. నేను శశిరేఖతో చేసి చూపిస్తా, ఎలాగూ మీరే ఆ పేరెత్తారు.

వ్యాసుడి దగ్గర అభిమన్యుడికి పెళ్ళి ఒకటే, ఉత్తరతో, విరాటపర్వం చివర్లో. అజ్ఞాతవాసం అయిపోయాక ఉపప్లావ్యంలో జరుగుతుంది. మన తిక్కన గారు కూడా అంతే చెప్పారు. మరి శశిరేఖ ఎక్కడినుంచి వచ్చింది? మనకి ఆ పేరు ఎక్కువగా తెలిసింది 1957లో వచ్చిన మాయాబజార్ సినిమా వల్ల, కానీ సినిమాకి ముందే ఈ కథ నాటకాల్లో ఆడుతోంది, సురభి వాళ్ళయితే ఇప్పటికీ స్టేజి మీద ఘటోత్కచుణ్ణి దింపుతూనే ఉన్నారు (సురభి నాటకాలు మొదలైంది 1885లో, కడప జిల్లా సురభి గ్రామంలో, ఒక్కసారైనా టికెట్ కొనుక్కుని చూడండి, పాపని తీసుకెళ్ళండి). తమిళంలో ఇదే అమ్మాయి వత్సల, మరాఠీలో సురేఖ. అంటే ఏ ఒక్క సినిమావాళ్ళో కూర్చుని పుట్టించింది కాదు, దక్షిణాదిలో అటూ ఇటూ చాలాకాలంగా తిరుగుతున్న కథ.

ఇక్కడితో ఆగితే మామూలు సమాచారమే. మీలాంటి వాళ్ళు అర్ధరాత్రి దాకా వెతికేది ఇంకా ముందుకెళ్తే దొరికేదాని కోసం. జావా ద్వీపంలో 12వ శతాబ్దంలో పానులూ అనే కవి ఒక కావ్యం రాశాడు, పేరు ఘటోత్కచాశ్రయ. పాత జావా భాషలో. కథేంటో తెలుసా? అభిమన్యుడు కృష్ణుడి కూతురు క్షితిసుందరిని ప్రేమిస్తాడు, ఆ అమ్మాయినేమో దుర్యోధనుడి కొడుకు లక్ష్మణకుమారుడికి ఇవ్వాలని పెద్దలు అనుకున్నారు, ఘటోత్కచుడు సాయం చేస్తే అభిమన్యుడి పెళ్ళి అవుతుంది. బలరాముడి కూతురి బదులు కృష్ణుడి కూతురు, అంతే తేడా, మిగతాదంతా మన మాయాబజారే. ఎక్కడ జావా, ఎక్కడ తెనాలి! తిక్కన గారు విరాటపర్వం మొదలుపెట్టకముందే సముద్రం అవతల ఈ పెళ్ళి అయిపోయింది. ఇలాంటిది తగిలినప్పుడు ఒక్కటి గుర్తుపెట్టుకోండి, చూశారా మన దగ్గర్నుంచే వెళ్ళింది అని వెంటనే ఒక థియరీ కట్టి వాట్సాప్‌లో పెట్టేయకండి. రెండు చోట్లా ఉంది అన్నంతవరకే మన చేతిలో ఉన్న సాక్ష్యం, అక్కడితో ఆగడం కూడా చదువరితనమే.

ఇంకోటి చూడండి, ఇది నాకు భలే ఇష్టం. పెళ్ళికొడుకుగా వచ్చి నవ్వులపాలయ్యే లక్ష్మణకుమారుడు కల్పన కాదు, భారతంలో ఉన్నవాడే. ద్రోణపర్వంలో, యుద్ధం పదమూడో రోజు, పద్మవ్యూహంలో అభిమన్యుడు చంపేది ఇతన్నే. అదే రోజు అభిమన్యుడూ పోతాడు. ఆ మర్నాడు రాత్రి యుద్ధంలో కర్ణుడి శక్తికి ఘటోత్కచుడు పోతాడు. అంటే ఈ పెళ్ళిపందిట్లో మనం పగలబడి నవ్వుకునే ముగ్గురు కుర్రాళ్ళూ రెండంటే రెండు రోజుల్లో వరసగా చచ్చిపోయేవాళ్ళు. ఈ కథ ఎవరు కట్టారో గానీ భారతం బాగా తెలిసినవాళ్ళే కట్టారని నా నమ్మకం. ఆ పిల్లలకి అసలు గ్రంథంలో దొరకని ఒక్క పండగని వీళ్ళు ఇచ్చారు. దీన్ని అబద్ధం అంటే నాకు ఒప్పుకోబుద్ధి కావట్లేదు, వ్యాసుడు చెప్పాడంటే మాత్రం ఒప్పుకోను, ఆ రెండూ వేరు.

ఇక "ఒరిజినల్" గురించి. మీ ఉత్తరంలో ఆ మాట అక్షరాలా లేకపోయినా అంతా దాని చుట్టూనే తిరుగుతోంది. పుణెలో భండార్కర్ సంస్థ ఉంది, వాళ్ళు 1919లో మొదలుపెట్టి 1966 దాకా కూర్చుని మహాభారతానికి ఒక పరిష్కృత ప్రతి తయారుచేశారు, దేశం నలుమూలల నుంచి వచ్చిన 1,259 రాతప్రతులు చూసి. రాతప్రతికీ రాతప్రతికీ పొంతన ఉండదు, ఒకదాంట్లో ఉన్న ఘట్టం ఇంకోదాంట్లో ఉండదు, ఎక్కువ ప్రాంతాల ప్రతుల్లో నిలబడింది ఏది, తర్వాత చేరింది ఏది అని శ్లోకం శ్లోకం తూచారు. అలా తూచాక వ్యాసుడు చెప్తుంటే వినాయకుడు రాశాడనే కథ ఉందే, మనందరికీ భారతం అనగానే గుర్తొచ్చే బొమ్మ, అది అసలు పాఠంలో నిలవలేదు, అనుబంధంలోకి వెళ్ళిపోయింది. ద్రౌపది వస్త్రాపహరణంలో కృష్ణుణ్ణి పిలిచే ప్రార్థన కూడా ప్రధాన పాఠంలో లేదు. అంత పని చేసిన ఆ పండితులు కూడా ఇదే వ్యాసుడి నోటిమాట అనలేదు, దొరికిన ప్రతుల్ని బట్టి చేరుకోగలిగిన పాత రూపం ఇది అన్నారంతే. నలభై ఏడేళ్ళు కూర్చున్నవాళ్ళు అంత జాగ్రత్తగా మాట్లాడితే ముప్పై సెకన్ల రీల్ ఎంత ధైర్యంగా మాట్లాడుతుందో చూడండి.

లక్ష్మణరేఖ సంగతికొద్దాం. ఇది మీరే చెక్ చేసుకోవచ్చు, సంస్కృతం రాకపోయినా పర్లేదు, గీతాప్రెస్ వాళ్ళ తెలుగు తాత్పర్యంతో ఉన్న వాల్మీకి రామాయణం తీసి అరణ్యకాండ 45వ సర్గ చదవండి, పది నిమిషాల పని. మారీచుడి అరుపు విని సీత లక్ష్మణుణ్ణి వెళ్ళమంటుంది, ఆయన కదలడు, అప్పుడు ఆవిడ అనరాని మాటలంటుంది, నా మీద కన్నేసే నువ్వు అడవికొచ్చావ్ అనేదాకా పోతుంది. ఆయన ఏడ్చినంత పని చేసి, వనదేవతలు నిన్ను కాపాడాలి అనేసి వెళ్ళిపోతాడు. గీత లేదు, మంత్రం లేదు. మన తెలుగులో ద్విపదలో వచ్చిన రంగనాథ రామాయణం, 13వ శతాబ్దం, గోన బుద్ధారెడ్డిది, దాంట్లో గీత కనపడుతుంది. తులసీదాసు ఇంకో చిత్రం చేశాడు, అరణ్యకాండలో గీత ఊసెత్తడు, లంకాకాండలో మండోదరి చేత రావణుణ్ణి దెప్పించేటప్పుడు తమ్ముడు గీసిన చిన్న గీతే దాటలేకపోయావు అనిపిస్తాడు. తమిళ కంబడి దగ్గర రావణుడు సీతని తాకను కూడా తాకడు, పర్ణశాలని నేలతో సహా పెళ్ళగించుకుని ఎత్తుకుపోతాడు, వాల్మీకిలోనేమో జుట్టు పట్టుకుని ఎత్తుకుంటాడు.

ఇన్ని తేడాలు ఒకచోట పెట్టుకుంటే అసలు ప్రశ్న దానంతటదే వస్తుంది, ఎందుకు మార్చారు? నాకు తోచింది చెప్తా, మీకు వేరేలా తోచొచ్చు. లక్ష్మణుడు అలా ఒట్టిచేతులతో వదినని అడవిలో వదిలేసి వెళ్ళాడంటే వినేవాళ్ళకి మింగుడుపడలేదు, అందుకని ఆయన చేత ఒక గీత గీయించారు. ఆయన పరువు దక్కింది, కానీ తప్పు జరిగి సీత నెత్తి మీద పడింది, గీత దాటింది కదా అని. వాల్మీకిలో ఆవిడ దాటడానికి గీతే లేదు, ముంగిట్లోకి వచ్చిన సన్యాసికి మర్యాద చేసింది అంతే. ఒక్క గీత చేరితే నేరం ఎవరిదో మారిపోయింది చూడండి. ఇప్పటికీ ఆడపిల్ల హద్దు దాటకూడదు అని చెప్పాలన్నప్పుడల్లా ఆ గీతనే తెస్తారు. కాబట్టి నేనేదో తర్వాత చేర్చినవన్నీ అందంగా ఉంటాయి, అన్నిటినీ నెత్తిన పెట్టుకోండి అంటున్నాననుకోవద్దు. శశిరేఖ చేరిక నాకు నచ్చింది, ఈ గీత చేరిక నచ్చలేదు. మీరూ అలా పక్షం తీసుకోవచ్చు, ఎవరూ ఏమనరు. మీ మావయ్య తప్ప.

మీ అమ్మమ్మ గారికి ఈ గీత ఎలా చేరిందో ఊహించడం పెద్ద కష్టం కాదు. రంగనాథ రామాయణం ద్విపదలు తోలుబొమ్మలాటవాళ్ళు తెల్లవార్లూ పాడేవాళ్ళు, హరికథలున్నాయి, తర్వాత సినిమాలొచ్చాయి. చదువురాని వాళ్ళక్కూడా రామాయణం కంఠతా ఉండేదంటే ఈ దారుల్లోనే. గ్రంథం చూడలేదు కాబట్టి ఆవిడకి తెలియదు అనుకోకండి, ఆవిడ విన్నది వేరే గ్రంథం.

అంతకంటే ముఖ్యం, ఆడవాళ్ళ పాటలు. ఇవి మీరు ఇప్పటిదాకా వెతకలేదనుకుంటా, ఉత్తరంలో ఆ ఊసే లేదు. ఊర్మిళాదేవి నిద్ర అని ఒక పాటుంది, లక్ష్మణుడు వనవాసంలో ఉన్న పద్నాలుగేళ్ళూ ఊర్మిళ నిద్రపోతూనే ఉంటుంది, ఆయన తిరిగొచ్చి మంచం దగ్గర కూర్చుంటే ఆవిడ కళ్ళు తెరిచి గుర్తుపట్టక ఎవరయ్యా నువ్వు, పరాయి ఆడదాని గదిలోకొస్తావా, మా వాళ్ళకి తెలిస్తే ఊరుకుంటారా, అహల్య జోలికెళ్ళిన ఇంద్రుడికి ఏమైందో తెలీదా అని కడిగేస్తుంది. పద్నాలుగేళ్ళు వదిలేసి వెళ్ళిన మొగుణ్ణి ఆ మాటలనడానికి పాట కట్టినవాళ్ళు ఎంత తెలివిగా వీలు కల్పించారో! గుర్తుపట్టలేదు కాబట్టి ఎన్నన్నా తప్పులేదు.

దానికి జోడీ ఇంకో పాట, లక్ష్మణదేవర నవ్వు. పట్టాభిషేకం అయ్యాక నిండు సభలో లక్ష్మణుడు ఉన్నట్టుండి నవ్వుతాడు. నిజానికి వనవాసం పద్నాలుగేళ్ళూ నా దగ్గరికి రావద్దని ఆయన పంపేసిన నిద్రాదేవి, గడువైపోయిన మర్నాడే గుర్తుపెట్టుకుని వచ్చి నిలబడిందని నవ్వాడు పాపం. కానీ సభలో ఉన్న ప్రతివాళ్ళూ నన్ను చూసే నవ్వాడు అనుకుంటారు. శివుడేమో గంగని నెత్తిన పెట్టుకున్నందుకు అనుకుంటాడు, సుగ్రీవుడు అన్నని చంపించినందుకు, విభీషణుడు అన్నకి ద్రోహం చేసినందుకు, సీత తను లంకలో ఉన్నందుకు, చివరికి రాముడు కూడా తనని చూసే అనుకుని కత్తి దూస్తాడు. ఒక్క నవ్వుతో సభ మొత్తం ఎవరి గుట్టు వాళ్ళు తడుముకోవడం, ఎంత గొప్ప ఊహ! దీని ముందు ఏ సీరియల్ రైటర్ పనికొస్తాడు? ఎవరు కట్టారో పేరు లేదు. దంచుతూ, విసురుతూ, పిల్లల్ని నిద్రపుచ్చుతూ ఆడవాళ్ళు పాడుకున్నది. ఆ రీల్స్ చేసే అబ్బాయి "ఇది వాల్మీకిలో లేదు" అంటాడు, అవును బాబూ, వాల్మీకి ఆ గదిలో లేడు కదా.

ఇవి అచ్చులో కూడా ఉన్నాయి, స్త్రీల పాటలు అని సంకలనాలు పాతవి చాలా వచ్చాయి, ఇంటర్నెట్ ఆర్కైవ్ (archive.org) సైట్‌లో స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు ఫ్రీగా దొరుకుతాయి, ఆ పేరు కొట్టి చూడండి. కవిత్రయ భారతం టీటీడీ వాళ్ళు అర్థతాత్పర్యాలతో వేశారు, అదీ ఆన్‌లైన్‌లో ఉంది. కాబట్టి సంస్కృతం నేర్చుకోమన్న మీ ఫ్రెండ్‌ని ముందు ఆయన ఎంతవరకు నేర్చుకున్నారో అడగండి. నేర్చుకుంటే మంచిదే, వద్దనను, కానీ ఊర్మిళ పాట ఎంత సంస్కృతం వచ్చినా దాంట్లో దొరకదు.

ఒక్కచోట మాత్రం నేను కఠినంగా ఉంటా. కథ చరిత్ర వేషం కట్టుకుని వచ్చినప్పుడు. మీ దగ్గర్లోదే చెప్తా, పల్నాటి యుద్ధం. నాగమ్మ, బ్రహ్మనాయుడు, కోడిపందెం, చాపకూడు, బాలచంద్రుడు, వింటుంటే వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి, కారంపూడిలో ఇప్పటికీ ఏటా కార్తీకంలో వీరుల ఉత్సవం చేస్తారు. యుద్ధం 12వ శతాబ్దంలోదంటారు, శ్రీనాథుడు పల్నాటి వీరచరిత్ర రాసింది దానికి రెండు వందల ఏళ్ళ పైమాటే తర్వాత. మధ్యలో అంతా గొంతు మీదే నడిచింది. అప్పుడు నాగమ్మ దుర్మార్గురాలా లేక సమర్థురాలైన మంత్రిణా అని అడిగితే, కథలో ఎలా ఉంది అన్నదానికి శ్రీనాథుణ్ణి, పాడేవాళ్ళని అడగాలి, నిజంగా ఏం జరిగింది అన్నదానికి శాసనాలనే అడగాలి. రెండు ప్రశ్నల్నీ ఒకే గిన్నెలో కలపొద్దు. మీ తెనాలి రామకృష్ణుడిదీ ఇదే తంతు, ఆయన పేరు మీద మనం చెప్పుకునే జోకుల్లాంటివే ఉత్తరాదిలో బీర్బల్ పేరు మీద తిరుగుతుంటాయి. కవిగా ఆయన మనకి ఇచ్చింది పాండురంగ మాహాత్మ్యం, దాంట్లో నిగమశర్మ కథ ఒక్కటి చదవండి, దారితప్పిన తమ్ముడు, బుద్ధి చెప్పడానికి మొగుడూ పిల్లల్తో సహా పుట్టింటికొచ్చిన అక్క, విన్నట్టే విని ఒక రాత్రి ఇంట్లో నగలన్నీ మూటగట్టుకుని చెక్కేసే ఆ తమ్ముడు. ఆ అక్కకి కవి పేరు కూడా పెట్టలేదు, అయినా కావ్యంలో అందరికంటే ఆవిడే గుర్తుండిపోతుంది.

మావయ్య గారి విషయం. సంక్రాంతి రోజు అరిటాకు ముందు కూర్చోబెట్టి "మీరు చెప్పినవన్నీ అబద్ధాలు" అంటే ఎవరు మాత్రం తింటారండీ. ఆయనకి ఫోన్ చేసి మీరు ఈ కథ ఎవరి దగ్గర విన్నారు మావయ్యా, ఏ ఊళ్ళో, ఎప్పుడు అని అడగండి. వాదన పెట్టకండి. ఆయన చెప్తే రాసుకోండి, ఒక నోట్‌బుక్ పెట్టుకుని కథ పేరు, ఎవరు చెప్పారు, వాళ్ళు ఎవరి దగ్గర విన్నారు, మిగతావాళ్ళ కథకీ దీనికీ తేడా ఏంటి, ఇంతే. అర్ధరాత్రి గూగుల్ తిరుగుడు కూడా ఆపమనను, దొరికింది ఆ పేజీలో రాసుకోండి చాలు, అప్పుడు ఎక్కడో తేలినా ఎక్కడినుంచి బయల్దేరారో తెలుస్తుంది. అమ్మమ్మ గారు ఇప్పుడు ఉన్నారో లేరో మీరు రాయలేదు. ఉంటే ఆలస్యం చేయకుండా ఫోన్‌లో రికార్డింగ్ పెట్టండి, పాటలు అడగండి, మధ్యలో మర్చిపోతే పుస్తకం చూసి సరిదిద్దకండి, ఆవిడకి ఎలా వస్తే అలాగే ఉంచండి. లేకపోతే పెద్దమ్మలు, పిన్నులు, వీధిలో ఆ వయసువాళ్ళు ఎవరో ఒకరుంటారు.

పాపకి ముందు అమ్మమ్మ కథే చెప్పండి, మీకు బాగా వచ్చింది అదే, బాగా వచ్చినదే బాగా చెప్తారు. ఇది నిజంగా జరిగిందా అని అడుగుతుంది, ఏడేళ్ళొచ్చాయి కదా, అడక్కుండా ఉండదు. అప్పుడు వాల్మీకి తాత ఇలా చెప్పాడు, మా అమ్మమ్మ ఇలా చెప్పింది, కంబడు అనే ఆయన ఇంకోలా చెప్పాడు, నీకేది బాగుంది అనండి. పిల్లలకి దీంతో పెద్ద ఇబ్బంది ఏమీ ఉండదు, పైగా వాళ్ళే నాలుగోది తయారుచేస్తారు, రావణుడికి గీత దాటడం రాకపోతే జంప్ చేయొచ్చుగా అంటారు. పెద్దవాళ్ళమే ఒక్కటే ఉండాలని పట్టుబడతాం.

కొత్త పుస్తకాలు ఇంక కొనొద్దు కొన్నాళ్ళు. కొన్నవాటిలో రామాయణం ఉండే ఉంటుంది, మొదటి పేజీ జోలికి పోకుండా నేరుగా ఆ 45వ సర్గ తీయండి. చదివాక మళ్ళీ ఉత్తరం రాయండి, సీత అన్న మాటలకి మీరు లక్ష్మణుడి వైపున్నారో ఆవిడ వైపున్నారో నాకు తెలుసుకోవాలనుంది.